సూది కన్నా ముందు రక్తపరీక్ష: నా అనుభవం

“పల్లీలు మీ ఒంటికి పడతాయా?” అని అడిగాడు డాక్టర్. హార్మోన్ల గురించి మాట్లాడదామని హన్మకొండ నుంచి హైదరాబాద్ దాకా వస్తే ఈ పల్లీల ముచ్చట ఏంటో నాకు అర్థం కాలేదు. మా నాన్న ఏటా ఎనుమాముల మార్కెట్‌కు పల్లికాయ, మిర్చి తీసుకెళ్లి అమ్మేవాడు. వేయించిన పల్లీలు లేకుండా మా ఇంట్లో ఒక్క చలికాలం కూడా గడవలేదు. అదే చెప్పాను. ఆయన రాసుకుని, “నేను ఇవ్వబోయే మందు వేరుశనగ నూనెలో ఉంటుంది, అందుకే అడిగాను” అన్నాడు. ఆ సూది పేరు సస్టనాన్. అందులో ఉండేది టెస్టోస్టెరాన్.

నేను ట్రాన్స్ మ్యాన్‌ని. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు, నేను మగవాణ్ణి. ఈ ఒక్క మాట ఇంట్లో చెప్పడానికి నాకు ఇరవై ఆరేళ్లు పట్టింది.

ఆ డాక్టర్ దగ్గరికి పోకముందు ఒక తప్పు చేశాను. అది చెప్పకుండా మిగతాదంతా చెప్పి లాభం లేదు. మొదట మా ఊళ్లోనే అడిగాను. ఒక దగ్గర “పెళ్లి చేయండి, అన్నీ సర్దుకుంటాయి” అని అమ్మతో చెప్పి పంపారు. ఇంకో దగ్గర “ఇలాంటివి మేం చూడం” అన్నారు. ఎవరు చూస్తారో మాత్రం చెప్పలేదు. జిమ్‌లో పరిచయమైన ఒకతను ఆ సూదులు తెప్పిస్తానన్నాడు. నాలుగు నెలలు ఆయన చెప్పినట్టే వేయించుకున్నాను. ఒక్క రక్తపరీక్ష చేయించలేదు.

నెలసరి ఆగింది. గొంతు బొంగురుపోవడం మొదలైంది. ఆ సంతోషంలో మిగతావేవీ పట్టించుకోలేదు. మధ్యాహ్నం కాగానే తల బరువెక్కేది, ముఖం ఎర్రబడేది, వీపంతా మొటిమలు. కొత్త ఉద్యోగానికి మెడికల్ చెకప్ అంటే రక్తం ఇచ్చాను. రిపోర్టులో ఒక అంకె కింద గీత గీసి ఉంది. హిమటోక్రిట్ 56.

రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో చెప్పేది హిమటోక్రిట్. టెస్టోస్టెరాన్ ఎర్రకణాలను పెంచుతుంది. అవి మరీ పెరిగితే రక్తం చిక్కబడుతుంది, గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. 54 శాతం దాటితే మందు తగ్గించడమో, కొన్నాళ్లు ఆపడమో చేస్తారు. నాకేమో 56 దాకా వచ్చినా తెలియనే లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆపేస్తే మళ్లీ పాత శరీరానికి పోతానేమోనని ఒక భయం, ఆపకపోతే ఏమవుతుందోనని ఇంకో భయం.

ఒక ట్రాన్స్ అక్క హైదరాబాద్‌లో ఎండోక్రైనాలజిస్టు వివరాలు ఇచ్చింది. హార్మోన్లు చూసే స్పెషలిస్టు అన్నమాట, షుగర్ కోసం, థైరాయిడ్ కోసం కూడా జనం వీళ్ల దగ్గరికే పోతారు. కాజీపేటలో పొద్దుటి రైలెక్కి వెళ్లాను. జిమ్ సంగతి చెప్పడానికి సిగ్గేసింది, అయినా చెప్పాను. ఆయన తిట్టలేదు. సూదులు ఆపించి, రెండు నెలల తర్వాత మళ్లీ రక్తం చూద్దామన్నాడు. ఈలోగా సైకాలజిస్టు దగ్గరికి పంపాడు.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఆ సైకాలజిస్టు గదే. పిచ్చి అని రాస్తారేమో అనుకున్నాను. ఆమె మొదట చెప్పిన మాట ఇది: ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11లో ట్రాన్స్‌గా ఉండటాన్ని మానసిక రోగాల నుంచి తీసేశారు, 2022 నుంచి అది అమల్లో ఉంది. మరి నన్నెందుకు పంపారని అడిగాను. “మీకు తెలిసే తీసుకుంటున్నారా, తోడు ఎవరైనా ఉన్నారా, మనసు బాగుందా, అది చూడటానికి” అంది. రెండుసార్లు కూర్చున్నాం. రెండోసారి నేను చాలాసేపు ఏడ్చాను. హార్మోన్లు మొదలుపెట్టొచ్చని ఆమె లెటర్ ఇచ్చింది.

రెండు నెలలకు హిమటోక్రిట్ 46కు దిగింది. గొంతు మాత్రం సగం మారి అక్కడే ఆగింది. లివర్, కొలెస్ట్రాల్, షుగర్, టెస్టోస్టెరాన్ స్థాయి, ప్రెగ్నెన్సీ పరీక్ష కూడా చేయించారు. అప్పుడు డాక్టర్ తెల్లకాగితం తీసి మధ్యలో గీత గీశాడు. ఒక పక్క, మందు ఆపినా వెనక్కి రానివి రాశాడు: లోతు పెరిగిన గొంతు, గడ్డం. రెండో పక్క, ఆపితే చాలావరకు వెనక్కి మళ్లేవి: కండ, కొవ్వు చేరే తీరు, ఆగిన నెలసరి. పిల్లలు కావాలనుకుంటే అండాలు దాచుకునే వీలుందని, ముందే ఆలోచించుకోమని చెప్పాడు. నెలసరి ఆగినా గర్భం రాదని అనుకోవద్దని, ఈ మందు దానికి అడ్డు కాదని కూడా గట్టిగా చెప్పాడు. వీటిలో ఒక్కటీ జిమ్‌లో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

ఆ తర్వాత తక్కువ మోతాదుతో మొదలై, మూడు వారాలకోసారి సూది. చీటీ తీసుకెళ్తే హన్మకొండలోనే ఒక సిస్టర్ వేసేది. నూనె మందు కదా, చల్లగా ఉంటే సిరంజిలోకి ఎక్కదు. ఆమె ఆంప్యూల్‌ను అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్దేది. లావు సూదితో లాగి, సూది మార్చి, నెమ్మదిగా తుంటిలోకి నెట్టేది. ఆ పక్క రెండు రోజులు సలిపేది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఒకసారి 51 వస్తే డాక్టర్ మోతాదు కొంచెం తగ్గించాడు, ఎక్కువ నీళ్లు తాగమన్నాడు, పొగ తాగుతావా అని అడిగాడు. లేదన్నాను.

రెండో ఏడాది వేరే రకానికి మార్చారు, టెస్టోస్టెరాన్ అండెకనోయేట్. మొదటి రెండు సూదుల మధ్య ఆరు వారాలు, ఆ తర్వాత పన్నెండు వారాలకోసారి. ఇది ఆముదం నూనెలో ఉంటుంది. వేశాక అరగంట అక్కడే కూర్చోబెడతారు, ఎందుకంటే అరుదుగా నూనె బొట్లు ఊపిరితిత్తుల దాకా పోయి దగ్గు, ఆయాసం వస్తాయట. ధర ఎక్కువే, కానీ నెల మధ్యలో మనసు పడిలేవడం తగ్గింది. నాకు ఇదే నయం.

అందరి మందూ ఒకటి కాదు. నాకు దారి చూపిన అక్క ట్రాన్స్ మహిళ. ఆమె ఏళ్ల తరబడి మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని, రోజుకు ఎన్నో మింగేది. వాటిలో ఉండే ఇథినైల్ ఎస్ట్రాడయాల్ వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. పిక్క వాచిందని చూపించుకున్నాక తెలిసింది. డాక్టర్ ఆమెను ఎస్ట్రాడయాల్ వాలరేట్‌కు మార్చి, టెస్టోస్టెరాన్‌ను అణిచే స్పైరనోలాక్టోన్ మాత్ర కలిపాడు. ఆ మాత్రకు పొటాషియం పరీక్ష తప్పనిసరి. జగిత్యాల ఫ్రెండ్ ఒకరు ఆడా మగా రెండూ కాదంటారు, నాన్‌బైనరీ. తను చర్మానికి రాసుకునే టెస్టోస్టెరాన్ జెల్ కొద్దిగా వాడింది. గొంతు కావాల్సినంత దిగాక డాక్టర్‌తో మాట్లాడి ఆపేసింది. గొంతు మాత్రమే మారాలి, గడ్డం రావద్దు అని మందుకు చెప్పలేం కదా, ఆ సంగతి డాక్టర్ తనకు మొదటే చెప్పాడట. “వాడింది” అని రాస్తుంటే చేయి ఆగుతోంది. ‘తను’ అనే మంచి మాట మన తెలుగులో ఉంది గానీ, వాక్యం చివర క్రియ దగ్గరికి వచ్చేసరికి ఎటో ఒకవైపు తేల్చాల్సి వస్తుంది.

మా ఇంట్లోనూ గొడవ ఆ క్రియతోనే. అమ్మ చిన్నప్పటి నుంచి నన్ను “కొడుకా” అనే పిలుస్తుంది, మా దగ్గర ఆడపిల్లల్ని కూడా ముద్దుగా అలాగే పిలుస్తారు. కాబట్టి ఆమె మార్చుకోవాల్సింది పెద్దగా లేకపోయింది. నాన్న మాత్రం నా గురించి మాట్లాడటమే మానేశాడు. 2022లో కలెక్టరేట్ నుంచి ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు వచ్చినప్పుడు (2019 చట్టం కింద ఆన్‌లైన్లో పెట్టుకున్నాను, మెడికల్ రిపోర్టు అడగలేదు) చేతిలో తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు. ఆ ఎండాకాలం మిర్చి బస్తాలు దించడానికి నన్ను ఎనుమాములకు రమ్మన్నాడు. అడ్తి వ్యాపారి నేనెవరని అడిగితే, “మా పిలగాడు, సాయానికి వచ్చిండు” అన్నాడు. నేను బస్తా మీద చేయి వేసి అట్లాగే నిలబడిపోయాను. మరుసటి నెల మళ్లీ “వచ్చింది” అన్నాడు, ఆ తర్వాత మళ్లీ “వచ్చిండు”. ఇప్పటికీ రెండూ వస్తుంటాయి.

మొన్నటి రిపోర్టులో హిమటోక్రిట్ 48. తర్వాతి సూదికి ఇంకా ఐదు వారాలుంది. దానికి వారం ముందు సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష, చేయించుకోవాలి. వంటింటి క్యాలెండర్ మీద, పాల లెక్కల పక్కన, అమ్మ ఆ రెండు తేదీలకూ పెన్సిల్‌తో సున్నా చుట్టి పెట్టింది.