బావ అడిగిన మాట

రాత్రి పదకొండు దాటింది. పొద్దున్నే విశాఖ బస్సు పట్టుకోవాలి, అయినా నిద్ర రావడం లేదు.

ఎనిమిదింటికి రొయ్యల చెరువున్న మా బావ ఫోన్ చేశాడు. ధర గొడవే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు తగిలిన దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. అంతర్జాతీయ వాణిజ్య చట్టం పాఠాలు చెప్పేదాన్ని కదా, నేను ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) ఒప్పందాలు, దేశాలు ఒప్పుకున్న గరిష్ఠ సుంకాలు అంటూ చెప్పుకుపోతుంటే, "అయితే డబ్ల్యూటీవోలో కేసెయ్యండి మరి" అన్నాడు. వేసినా అప్పీలు వినడానికి అక్కడ సభ్యులు లేరన్నాను. "ఏటమ్మా, జడ్జీల్లేని కోర్టు గురించా ఇన్నేళ్ళూ పాఠాలు చెప్పేవు?"

ఒళ్ళు మండింది. నల్లకోటు వేసుకోని లాయరమ్మ అని చుట్టాలు అంటుంటే ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. చిన్నదాన్ని జ్వరంతో అమ్మ దగ్గర వదిలేసి క్లాసుకి పరిగెత్తిన రోజులున్నాయి, అవన్నీ ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఎలా? అక్క పక్కనే ఉండి కూడా ఏమీ అనలేదు. అది ఇంకా బాధ.

అప్పటి నుంచీ 1998 గుర్తొస్తోంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. రొయ్యలు, తాబేళ్ళ కేసులో అక్టోబరులో డబ్ల్యూటీవో అప్పీలు తీర్పొచ్చింది. వలలో చిక్కిన తాబేలు బయటపడే పరికరం వాడని దేశాల రొయ్యలు కొననంది అమెరికా. మనం, పాకిస్తాన్, మలేషియా, థాయిలాండ్ కేసు వేశాం. తాబేళ్ళను కాపాడటం తప్పు కాదుగానీ, కరీబియన్ వైపు దేశాలకు మూడేళ్ళ గడువిచ్చి మనకు నాలుగు నెలలే ఇవ్వడం వివక్ష అని తేల్చారు. జిరాక్సు కట్ట ఇంటికి తెస్తే నాన్న, "మన తాబేళ్ళ గురించి జెనీవాలో వాదించుకున్నారా!" అని ఆశ్చర్యపోయారు. తాబేలును దేవుడిగా కొలిచే శ్రీకూర్మం మనకి ఇంత దగ్గర కదా. జనవరిలో తెల్లవారుజామున స్కూటరు మీద కళింగపట్నం తీసుకెళ్ళారు. ఇసుకలో ట్రాక్టరు టైరు దొర్లినట్టు తాబేలు జాడ, పైకెక్కి మళ్ళీ నీళ్ళలోకి దిగిపోయింది. కాస్త దూరంలో ఇంకో తాబేలు చచ్చి పడుంది, ముందు రెక్కకి నైలాను వల ముక్క చుట్టుకుని ఉంది. అక్కడున్న పడవాయన దాన్ని చూసి దండం పెట్టాడు. ఆ కేసు నేను ఏ ఏడు చెప్పినా ఆ జాడ దగ్గరే మొదలుపెడతాను.

కానీ ఇది టైప్ చేస్తుంటే బావ అన్నదాంట్లో తప్పేముందనిపిస్తోంది. కొత్త సభ్యుల్ని వెయ్యనివ్వకుండా అమెరికా అడ్డుపడి, 2019 డిసెంబరు నుంచి అప్పీళ్ళు ఆగిపోయాయి. దాన్ని తిట్టి ఊరుకోలేను. 2021 డిసెంబరులో మన చక్కెర రాయితీల మీద వేసిన కేసులో తీర్పు మనకి వ్యతిరేకంగా వస్తే, నెల తిరక్కుండా వినేవాళ్ళు లేరని తెలిసే మనమూ అప్పీలు చేశాం, తీర్పు అక్కడే ఆగిపోయింది. పిల్లలకి ఇది ఎప్పుడూ తొందరగా చెప్పేసి ముందుకెళ్ళిపోతాను. రేపు ఆగి చెప్పాలి. పాఠం మాత్రం వదలను. ఆ నాలుగు నెలల గడువు అన్యాయమని అంత పెద్ద దేశానికి చెప్పిన చోటు ఒకటుండేదని వాళ్ళకి తెలియాలి.

మధ్యాహ్నం పాత విద్యార్థిని ఒకమ్మాయి ఢిల్లీ నుంచి మెసేజ్ పెట్టింది, వాణిజ్య వివాదాల పనిలోనే ఉద్యోగం వచ్చిందట. ఎంత సంతోషించాలి! ఈ గొడవలో జవాబే ఇవ్వలేదు, ఇప్పుడు పెట్టాను.

బావ ధర పడిందని చెప్పడానికి చేశాడు. పట్టుబడి అయిందా, ఇంకా చెరువులోనే ఉన్నాయా అన్నది కూడా నేను అడగలేదు. పొద్దున బస్సెక్కగానే అక్కకి చెయ్యాలి.