డెన్వర్‌లో 22 నిమిషాలు

షికాగో నుంచి కాలిఫోర్నియాకు రైల్లో వెళ్తానంటే మా అబ్బాయి మొదట నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపి, ఎదురుగా కూర్చుని లెక్క చెప్పాడు. విమానంలో నాలుగున్నర గంటలు. రైల్లో రెండు రాత్రులు, మూడు పగళ్లు. పోనీ డబ్బయినా మిగులుతుందా అంటే అదీ లేదు. వాడు చెప్పిన ప్రతి మాటా నిజమే. కానీ విమానం డెన్వర్ మీదుగా ఎగిరిపోతుంది. నాకు కావలసింది డెన్వర్‌లో ఆగడం.

1989 వేసవిలో హాస్టల్ గది తాళంచెవి వార్డెన్ చేతిలో పెట్టి విడిపోయిన ముగ్గురం మేము. ఆ తర్వాత ముగ్గురం కలిసింది లేదు, ఇద్దరం కలిసిందీ లేదు. ఒకామె డెన్వర్‌లో నర్సు. ఇంకొకామె కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఉంటుంది, ఈ మధ్యే ఉద్యోగ విరమణ చేసింది. పేర్లు రాస్తే ఇద్దరూ నన్ను బతకనివ్వరు కాబట్టి డెన్వరమ్మ, డేవిసమ్మ అనే పిలుస్తాను.

డేవిసమ్మ "వచ్చి పది రోజులు ఉండు" అంది. డెన్వరమ్మకు సెలవు దొరకలేదు. వరుసగా రాత్రి డ్యూటీలు. మ్యాపు ముందు పెట్టుకుని చూస్తే కాలిఫోర్నియా జెఫిర్ అనే రైలు కనిపించింది. షికాగోలో మధ్యాహ్నం రెండింటికి బయలుదేరి, ఈ రెండు ఊళ్ల గుండానే శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న ఎమరీవిల్ దాకా వెళ్తుంది. సుమారు 3,900 కిలోమీటర్లు. డెన్వర్‌కు మర్నాడు ఉదయం 7:15కు వచ్చి 8:05కు కదులుతుంది. డెన్వరమ్మ డ్యూటీ దిగేది ఏడింటికి. 50 నిమిషాలు మన చేతిలో ఉంటాయని ఫోనులో చెబితే, "పరీక్షలో మూడు గంటలు ఇచ్చినా నీకు సరిపోయేవి కావు, ఈ 50 నిమిషాల్లో ఏం రాస్తావే?" అంది.

డెన్వర్‌లో దిగిపోయి మర్నాటి రైలు ఎక్కవచ్చు కదా అని మీరు అడగవచ్చు. రోజుకు ఒక రైలు ఉంటుంది, టిక్కెట్టును రెండు ముక్కలుగా కొంటే సరి. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ రాత్రంతా రోగుల దగ్గర నిలబడి వచ్చే మనిషికి పగలు నిద్ర లేకుండా చేసి చుట్టరికం వెలగబెట్టడం నాకు నచ్చలేదు.

టిక్కెట్టు విషయంలో నేను నేర్చుకున్నది ఒక్కటే: ఇక్కడ రైలు టిక్కెట్టు ధర కూడా విమానం టిక్కెట్టులాగే సీట్లు నిండేకొద్దీ పెరుగుతుంది. నేను రెండు వారాలు ఊగిసలాడాను, ఆ ఊగిసలాటకు ఖరీదు చెల్లించాను. కోచ్‌లో సీటు తీసుకుంటే చాలా చవక. సీటు వెడల్పుగా ఉంటుంది, వెనక్కి వాలుతుంది, కాళ్లు చాపుకోవచ్చు. నలభై ఏళ్ల లోపు వాళ్లకు అది చాలు. నా నడుముకు చాలదు. అందుకని రూమెట్ అనే చిన్న గది తీసుకున్నాను. ఎదురెదురుగా రెండు కుర్చీలు, రాత్రి అవి కలిసి మంచం అవుతాయి, పైన ఇంకో పడక. భోజనం ఖర్చు అందులోనే కలిసి ఉంటుంది. గది అన్నాను గానీ, వెడల్పు మీటరుకు కాస్త ఎక్కువ, పొడవు రెండు మీటర్లు. నా పెద్ద సూట్‌కేసును తోసుకుంటూ వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాక తెలిసింది, లోపలికి అదైనా వెళ్లాలి, నేనైనా వెళ్లాలి. మా రైలు పెట్టె బాధ్యత చూసే అటెండెంట్ ఆ సూట్‌కేసును కింది అంతస్తులోని అరలో పెట్టి వచ్చాడు. ఈ రైల్లో ప్రయాణికుల పెట్టెలన్నీ రెండంతస్తులవి. రాత్రికి కావలసినవి విడిగా చిన్న సంచిలో సర్దుకోని వాళ్లు, నాలాగా పళ్లపొడి కోసం ఇరుకు మెట్లు మూడుసార్లు ఎక్కి దిగాలి.

మొదటి సాయంత్రం బర్లింగ్టన్ దగ్గర మిసిసిపీ నది దాటాం. భోజనాల పెట్టెలో ఎవరి బల్ల వాళ్లకు ఉండదు. నలుగురు కూర్చునే బల్ల దగ్గర ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోబెడతారు. నాకు ఎదురుగా ఒక వృద్ధ దంపతులు. ఎక్కడికని అడిగారు. డెన్వర్‌లో స్నేహితురాలిని 50 నిమిషాలు చూడటానికి అన్నాను. ఆ పెద్దాయన ఫోర్కు కింద పెట్టి, "రైలు వేళకు వెళ్తే" అన్నాడు. భార్య మోచేత్తో పొడిచింది. నాకు ముద్ద దిగలేదు.

లింకన్ ఊరు దాటాక అర్ధరాత్రి వేళ మెలకువ వచ్చింది. చప్పుడుకు కాదు, చప్పుడు ఆగిపోయినందుకు. కిటికీ బయట మెరుపు మెరిసినప్పుడల్లా నెబ్రాస్కా మైదానం పట్టపగలులా కనబడి మళ్లీ చీకట్లో మునుగుతోంది. జూన్ గాలివాన. ముందున్న పట్టాలు ఒకసారి చూసి వచ్చేదాకా కదలకూడదట, అటెండెంట్ గొంతు తగ్గించి చెప్పాడు. తప్పు ఎవరిదీ కాదు, ఎవరి మీద విసుక్కోవాలో తెలియకపోవడమే ఇంకా కష్టం. పావుగంట, అరగంట, గంట. తర్వాత కదిలింది గానీ, మేం నడిచినంత వేగంతో కదిలింది.

ఇంతలో ఫోనులో సమయం చూస్తే గంట వెనక్కి వెళ్లి ఉంది. పడమటి నెబ్రాస్కాలో కాలమండలం మారుతుంది. దేవుడే ఒక గంట తిరిగి ఇచ్చాడనుకుని దుప్పటి కప్పుకున్నాను. రెండు నిమిషాలు గడిచాక బుర్ర పనిచేసింది: కాలపట్టికలో రాసినది డెన్వర్ సమయమే, నాకు కలిసి వచ్చింది ఏమీ లేదు.

తెల్లవారుజామున డెన్వరమ్మకు సందేశం పెట్టాను. "గంటన్నర ఆలస్యం. ఇంటికి వెళ్లి పడుకో. రావద్దు." అది పెట్టి, ఆమె నిజంగానే వెళ్లిపోతుందేమోనని భయపడుతూ ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఏడుంబావుకు జవాబు వచ్చింది. "స్టేషన్‌లోనే ఉన్నాను. బెంచీ మీద పడుకుంటాను. వచ్చాక లేపు."

రైలు 8:50కి డెన్వర్ చేరింది. ఆలస్యం పూడ్చుకోవడానికి ఇక్కడ ఆగే సమయం తగ్గించామని, ప్లాట్‌ఫారం వదిలి దూరం వెళ్లవద్దని కండక్టర్ మైకులో చెప్పాడు. నేను దిగేసరికి నా ఫోనులో సరిగ్గా 22 నిమిషాలు మిగిలి ఉన్నాయి.

లేపవలసిన పని పడలేదు. తెల్లటి పైకప్పు కింద, నీలం రంగు డ్యూటీ బట్టల్లో, నిలబడి ఉంది. మొదట గుర్తుపట్టింది ఆమె నడకను. ఎడమ కాలు కాస్త పక్కకు వేసి, ఎవరినో తప్పించుకుంటున్నట్టు నడుస్తుంది. జుట్టు నెరిసింది, ఒళ్లు వచ్చింది, కళ్లద్దాలు వచ్చాయి, నడక మాత్రం హాస్టల్ వరండాలో నడిచినదే. దగ్గరకు వచ్చి, "పొట్టిదానివయ్యావేమే?" అంది. 34 ఏళ్ల తర్వాత మొదటి మాట అది.

ఏం మాట్లాడుకున్నామో చెబితే మీకు నవ్వు వస్తుంది. దారి పొడవునా నేను మనసులో అనుకున్నవి చాలా ఉన్నాయి: ఆమె భర్త పోయినప్పుడు నేను ఫోను చేయలేకపోవడం గురించి, నా ఉద్యోగం గురించి, పిల్లల గురించి. వాటిలో ఒక్కటీ రాలేదు. ఆమె కాళ్ల నొప్పి, నా రక్తపోటు మాత్రలు, నిన్న రాత్రి వాన, హాస్టల్ మెస్ వంటమనిషి గొంతు. మధ్యలో ఆమె ఒకసారి ఆవలించి, "నీ మీద విసుగుతో కాదు" అంది. భర్త సంగతి తనే తెచ్చింది, చివరి ఐదు నిమిషాలు ఉన్నప్పుడు. "నువ్వు ఫోను చేయలేదు. నాకు తెలుసు, ఏం మాట్లాడాలో నీకు తెలియదు. అప్పుడు నాకూ తెలియదు" అంది. చేయి పట్టుకున్నాను. ఇద్దరం రైలు వైపు చూశాం.

కండక్టర్ అందరినీ ఎక్కమన్నాడు. ఆమె తన పైజాకెట్టు విప్పి నా భుజాల మీద వేసింది. "పైన కొండల్లో చలిగా ఉంటుంది. ఇచ్చెయ్యాలి సుమా, ఉంచేసుకోవడానికి కాదు" అంది. నేను వద్దనేలోపే మెట్టు ఎక్కించింది. రైలు కదిలాక చేయి ఊపుతూ నిలబడుతుందనుకున్నాను. లేదు, వెంటనే వెనక్కి తిరిగి, ఆ నడకతోనే వెళ్లిపోయింది. నిద్ర వస్తోంది పాపం.

డెన్వర్ దాటగానే రైలు రాకీ పర్వతాలు ఎక్కడం మొదలుపెడుతుంది. వరుసగా చిన్న చిన్న సొరంగాలు, ఆపైన మోఫట్ సొరంగం. పొడవు 10 కిలోమీటర్లు, సముద్రమట్టానికి 2,800 మీటర్ల ఎత్తున, 1928లో తెరిచారు. దాని ముందు ఒక ప్రకటన చేస్తారు: బయటికి వచ్చేదాకా ఎవరూ ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి వెళ్లవద్దని. తలుపులు తీస్తే ఇంజను పొగ లోపలికి వస్తుందట. పది నిమిషాలకు పైగా చీకటి. అద్దంలో నా ముఖం తప్ప చూడటానికి ఏమీ లేదు. చలికి కాదు గానీ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జాకెట్టు జేబుల్లో పెట్టాను. ఒక జేబులో సగం అయిపోయిన పిప్పరమెంట్ల పొట్లం. ఇంకో జేబులో పెన్ను. హాస్టల్లో ఉన్న నాలుగేళ్లలో నా దగ్గర ఎన్ని పెన్నులు తీసుకుందో, ఒక్కటీ తిరిగి ఇచ్చిన పాపాన పోలేదు. ఇది నా దగ్గరే ఉంచుకుంటానని ఆ సొరంగంలోనే తీర్మానించాను.

సొరంగం అవతల కొలరాడో నది తగులుకుంటుంది, ఆపైన 300 కిలోమీటర్లకు పైగా కిటికీ వదలదు. అద్దాలు పైకప్పు దాకా ఒంపు తిరిగిన పెట్టె ఒకటి ఉంది, అందరూ అక్కడే. నదిలో తెప్పల మీద వెళ్లేవాళ్లు రైలు కనబడగానే వెనక్కి తిరిగి బట్టలు దించి పిర్రలు చూపించడం ఇక్కడి ఆనవాయితీ అట. నిన్నటి వృద్ధురాలు నాకు ముందే హెచ్చరించింది, అయినా చూశాను. యూటా చాలా భాగం చీకట్లో పోయింది. నెవాడా ఎడారి మెలకువలో సగం, నిద్రలో సగం.

మూడో రోజు సియెర్రా నెవాడా ఎక్కుతున్నప్పుడు, చాలా కింద డోనర్ సరస్సు కనిపించింది. 1846లో బళ్ల మీద కాలిఫోర్నియాకు బయలుదేరిన వలసదారులు అక్కడే మంచులో చిక్కుకుని చలికాలమంతా ఉండిపోయారు, దాదాపు సగం మంది పోయారు. గంటన్నర ఆలస్యానికి రాత్రంతా గొణిగిన నేను ఆ సరస్సు కనుమరుగయ్యేదాకా నోరు మెదపలేదు.

డేవిసమ్మ స్టేషన్‌కు పూలు తెచ్చింది. కావలించుకున్నాం, ఫొటోలు దిగాం. ఇక్కడ నిజం చెప్పాలి: మొదటి రెండు రోజులు ఇద్దరం అతిథుల్లా ఉన్నాం. ఆమె నాకు మంచి కప్పుల్లో కాఫీ ఇస్తుంది, నేను పొగుడుతాను. ఆమె తోట చూపిస్తుంది, నేను మళ్లీ పొగుడుతాను. 22 నిమిషాల్లో చెప్పనవసరం లేనివన్నీ పది రోజుల్లో చెప్పాలి కదా. మా మధ్య ఒక పాత సంగతి ఉంది. 1993లో ఆమె పెళ్లికి నేను వెళ్లలేదు, ఎందుకో ఉత్తరం కూడా రాయలేదు. పది రోజులూ దాన్ని తప్పించుకుంటూ తిరగగలమా అని నాకు బెంగ పట్టుకుంది.

మూడో నాడు మధ్యాహ్నం డ్రయ్యరులోంచి దుప్పట్లు తీసింది. రెండు కొసలు తను పట్టుకుని, రెండు కొసలు నాకు అందించింది. హాస్టల్ డాబా మీద ఇలాగే మడిచేవాళ్లం. ఒక అడుగు ముందుకు, కొసలు కలపడం, ఒక అడుగు వెనక్కి, విదల్చడం. మూడో దుప్పటి దగ్గర నా చేతిలో కొసలు పెడుతూ, "పెళ్లికి ఎందుకు రాలేదే?" అంది, ముఖం చూడకుండా. చెప్పాను. టిక్కెట్టుకు డబ్బు లేదు, అడగడానికి సిగ్గు. ఆమె దుప్పటి మడత మీద మడత వేసి, "ఇంతేనా" అంది. తర్వాత నాలుగో దుప్పటి తీసింది. మర్నాటి నుంచి కాఫీ మామూలు గ్లాసుల్లో వచ్చింది.

తిరుగు ప్రయాణానికి విమానం టిక్కెట్టు తీస్తానని అబ్బాయి ఫోను చేశాడు. వద్దన్నాను. తూర్పుకు వెళ్లే జెఫిర్ డెన్వర్‌కు సాయంత్రం వస్తుంది. ఈసారి ముందే కొన్నాను, రూమెట్టు కాదు, కోచ్ సీటు. డెన్వరమ్మకు తేదీ పంపాను. ఆ రోజు సెలవు పెట్టిందట, రైలు ఎంత ఆలస్యమైనా ఫరవాలేదట. కింద ఇంకో వాక్యం: "జాకెట్టు సరే. జేబులో పెన్ను ఉండాలి, చూసుకో."