దానిమ్మ గింజ ఒకటా, ఏడా

పదకొండున్నర అయింది. అందరూ పడుకున్నారు. పొద్దున్నే బుజ్జిగాడికి డెంటిస్ట్, నేనూ పడుకోవాలి. కానీ ఈ ఒక్క మార్కు సంగతి రాసేస్తే గాని నిద్ర పట్టేలా లేదు.

శుక్రవారం గ్రీకు పురాణాల క్లాసులో పెట్టిన క్విజ్ ఇవాళ సాయంత్రం దిద్ది ఇచ్చారు. పదికి తొమ్మిది. పోయిన ప్రశ్న ఇదీ: పాతాళంలో పెర్సెఫొనీ తిన్న దానిమ్మ గింజలు ఎన్ని? నేను ఒకటి అని రాశాను. పక్కన ఎర్రగా ఇంటూ మార్కు, కింద ఏడు అని అంకె.

ఒకటి అని గుడ్డిగా రాయలేదు నేను. పంటల దేవత డిమీటర్ మీది స్తోత్రం మాకు అయిదో వారంలో చదవమన్నారు. ప్రాచీన కవి హోమర్ పేరు మీద చలామణీలో ఉన్న పాత గ్రీకు స్తోత్రాల్లో అదొకటి, 495 పాదాలు. పెద్దదాని వాలీబాల్ ప్రాక్టీసు అయ్యేదాకా కారులో లైటు వేసుకుని కూర్చుని మూడు సాయంత్రాలు చదివాను. డిమీటర్ కూతురు పెర్సెఫొనీ మైదానంలో పూలు కోసుకుంటూ ఉంటుంది. నేల చీలుతుంది, పాతాళపు రాజు హేడిస్ రథం మీద పైకొచ్చి ఎత్తుకుపోతాడు. తండ్రి, దేవతల రాజు జూస్ ముందే ఒప్పేసుకున్నాడు, తల్లికి మాటమాత్రం చెప్పలేదు. ఆ తల్లి తొమ్మిది రోజులు చేతుల్లో కాగడాలు పట్టుకుని, అమృతం ముట్టకుండా, ఒంటి మీద నీళ్ళు పోసుకోకుండా భూమంతా తిరుగుతుంది. ఆఖరికి విత్తనం మొలవకుండా చేసేస్తుంది. అప్పటికి గాని దేవతలు దిగిరాలేదు. కూతుర్ని వెనక్కి పంపే ముందు హేడిస్ చాటుగా ఆ పిల్లకి ఒక దానిమ్మ గింజ పెడతాడు. గింజలు కాదు, గింజ. తేనెలా తియ్యగా ఉండే గింజ. అది తిన్నందుకు ఏటా మూడో వంతు కాలం కింద, మిగతా రెండు వంతులూ అమ్మ దగ్గర.

ఇదంతా రాసి, మా పేపర్లు దిద్దే టీఏ అబ్బాయికి మెయిల్ పెట్టాను. ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది. ఈ వారం పాఠం రోమన్ కవి ఓవిడ్ కాబట్టి జవాబు ఏడు అని. అంతే, ఒక్క లైను.

ఒక్క మార్కుకి ఇంతనా అన్నారు ఈయన. మార్కు కాదు. మొదటి రోజు ప్రొఫెసర్ గారు ఏం చెప్పారో నేను నోట్సులో రాసుకున్నాను, ఇప్పుడు ఎదురుగా పెట్టుకుని చూస్తున్నాను. గ్రీకులకి ఇదే ప్రమాణం అనే ఒక్క పుస్తకం లేదు, ఏ కవికి తోచినట్టు ఆ కవి చెప్పాడు, ఏ ఊరి కథ ఆ ఊరిదే అన్నారావిడ. మిథ్ అనే మాటకి మూలమైన మూథోస్ అంటే హోమర్ కాలంలో మాట, చెప్పిన సంగతి అనే అర్థం తప్ప అబద్ధం అని కాదట. అది విని నాకు ఎంత హాయిగా అనిపించిందో. మనవాళ్ళు మిథ్ అనగానే చెవికి మిథ్యలా వినిపించి మొహం ముడుచుకుంటారు. (అత్తయ్యగారు కూడా మొదట అలాగే అన్నారు.) ఆ మాట చెప్పిన క్లాసే మళ్ళీ గింజలెన్ని అని ఒక అంకె అడిగి, మిగతావన్నీ తప్పు అంటే ఎలా? ప్రశ్నలో ‘ఓవిడ్ ప్రకారం’ అని రెండు మాటలు రాస్తే ఏం పోయింది?

ఇంకోటి కూడా ఉంది. రెండు వారాల కిందట, టీఏ అబ్బాయే చర్చ నడిపే సెక్షన్‌లో ఈ కథ మీదే మాట్లాడుకుంటున్నాం. కూతురు ఏడాదిలో కొన్నాళ్ళు అమ్మ దగ్గరికి రావడం గురించి ఎవరైనా చెప్పండి అంటే నేను చెయ్యెత్తాను. మా వైపు కొత్తగా పెళ్ళైన పిల్లని ఆషాఢంలో పుట్టింటికి తీసుకొచ్చేస్తారు, ఆ నెల అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదంటారు అని. అది పొలం పనుల నెల, వానల నెల, అని ఇంకా చెప్పబోతున్నాను. ఆ అబ్బాయి మర్యాదగానే తలూపి, చాలా బాగుంది, ఇక మనం టెక్స్ట్‌లోకి వద్దాం అన్నాడు. నా ముందు వరసలో పంతొమ్మిదేళ్ళ పిల్లలు ల్యాప్‌టాప్‌ల మీదకి వంగిపోయారు. నేను చెయ్యి దించుకున్నాను. ఆ రోజు నుంచీ సెక్షన్‌లో నోరు విప్పలేదు. మొన్న కాగితం మీద ఒకటి అని రాసినప్పుడు మాత్రం, ఇదిగో టెక్స్ట్‌లోకి వచ్చాను అనుకున్నాను. అందుకే ఆ ఎర్ర ఇంటూ అంత గుచ్చుకుంది.

ఈ క్లాసులో నచ్చినవి లేవని కాదు. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ కావ్యం ఇలియడ్ ఆఖరి అధ్యాయం చదివిన రోజు. ట్రాయ్ ముసలి రాజు ప్రయామ్ రాత్రివేళ శత్రువు ఎకిలీస్ గుడారానికి వెళ్ళి, తన కొడుకుల్ని చంపిన ఆ చేతుల్నే ముద్దు పెట్టుకుని కొడుకు హెక్టర్ శవం ఇమ్మని అడుగుతాడు. నా పక్కన కూర్చునే అబ్బాయి వీడియో గేముల్లో చూసి ఈ క్లాసులో చేరానని చెప్పేవాడు, ట్రాయ్‌ని పడగొట్టిన కొయ్యగుర్రం ఎప్పుడొస్తుందా అని అప్పటిదాకా ఎదురుచూశాడు. ఇలియడ్‌లో గుర్రం రాదు. ఎకిలీస్ మడమకి బాణం తగలడమూ రాదు. హెక్టర్ దహనంతో అయిపోతుంది. అంతేనా అని ఆ అబ్బాయి మెల్లిగా అన్నాడు, మళ్ళీ వెనక్కి తిప్పి ప్రయామ్ పేజీ చదువుకున్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి పెద్దదానికి ఆ కథంతా చెప్పాను.

సరే, కోపంగా ఉండగానే ఓవిడ్ తీశాను, ఈ అబ్బాయి ఎంతవరకు కరెక్టో చూద్దామని. మెటమార్ఫొసిస్ అనే కావ్యం, అయిదో పుస్తకం. ఏడు అనే ఉంది. ఎవరూ పెట్టలేదు, ఆ పిల్లే తోటలో తిరుగుతూ చెట్టు నించి పండు తెంపి, ఒలిచి, ఏడు గింజలు నోట్లో వేసుకుంటుంది. ఒక్కడు చూసి బయటపెడతాడు, వాణ్ణి గుడ్లగూబని చేసేస్తుంది. స్తోత్రంలో మూడో వంతు అయితే ఇక్కడ ఏడాదిలో సరిగ్గా సగం. పాఠం ఇదే. అబ్బాయిది తప్పు లేదు. ప్రశ్న ఇంకొంచెం వివరంగా రాయాల్సింది అంతే. పాతికేళ్ళు కూడా ఉండవు ఆ పిల్లాడికి. తన చదువు, మా మూడు సెక్షన్ల పేపర్లు, అన్నీ నెత్తిన వేసుకుని తిరుగుతున్నాడు. సాయంత్రం మెయిల్‌లో కాస్త గట్టిగానే రాశాను, రేపు క్షమించమని రాయాలి.

అలా అనుకుని పుస్తకం మూసేదాన్నే. కింద ఒక నోటు కనబడింది. ఇదే ఓవిడ్, రోమన్ పండగల మీద రాసిన ఇంకో కావ్యంలో, ఇదే కథలో, మూడు గింజలు అన్నాడట. వెతికి చూశాను. మూడే. ఒకే మనిషి, ఒకచోట ఏడు, ఒకచోట మూడు. ఆయనకి ఏమీ ఇబ్బంది అనిపించలేదు.

స్తోత్రం మళ్ళీ తీశాను. అందులో కూడా నేను సరిగ్గా చూడని సంగతి ఒకటుంది. కథ చెప్పే కవి, హేడిస్ చాటుగా పెట్టాడు అంటాడు. పైకొచ్చాక తల్లి, అక్కడ ఏమైనా తిన్నావా తల్లీ అని అడిగితే, కూతురు మాత్రం, నాకిష్టం లేకపోయినా బలవంతంగా తినిపించాడమ్మా అంటుంది. మూడుసార్లు చదివి కూడా ఆ తేడా నాకు ఆనలేదు. అమ్మకి చెప్పేటప్పుడు కూతురి మాట వేరేగా ఉంటుంది. అబద్ధం చెప్పిందని కొందరంటారు క్లాసులో. నేను అలా అనుకోను. అమ్మమ్మ ఉంటే అసలే అనుకునేది కాదు.

అమ్మమ్మ సంగతే ఇది. ఇంత రాత్రి వేళ కూర్చుని దానిమ్మ గింజలు లెక్కపెట్టడం కాదు నేను చేస్తున్నది.

అమలాపురం దగ్గర అమ్మమ్మ వాళ్ళింట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక వసారాలో చాప వేసేది. ఒళ్ళో ఇత్తడి పళ్ళెం, అందులో గింజ తీసిన పత్తి. విభూది వేళ్ళకి రాసుకుని వత్తులు చేస్తూ పాడేది. ఊర్మిళాదేవి నిద్ర. పెద్ద పాట అది, సగం దాకా వచ్చేసరికి పళ్ళెంలో వత్తులు గుట్ట అయ్యేవి. లక్ష్మణుడు అడవికి పోయాడు, ఊర్మిళ మంచమెక్కి పడుకుంది. ఆయన పధ్నాలుగేళ్ళూ నిద్రపోకుండా అన్నకి కాపలా కాశాడు, ఆయన నిద్ర కూడా ఈవిడే పోయింది. అందరూ తిరిగొచ్చాక ఊర్మిళ సంగతి సీతకే గుర్తొచ్చి, మరిదిని ఇంటికి పంపమని రాముడికి చెబుతుంది. లక్ష్మణుడు వెళ్ళి పక్కన కూర్చుని లేపితే ఆవిడ గుర్తుపట్టదు. ఎవరు నువ్వు, పరాయి ఆడదాని గదిలోకి వచ్చావు, మా నాన్నకి తెలిస్తే ఏమవుతుందో తెలుసా అంటుంది. ఆ చోట అమ్మమ్మ చేతులు ఆగిపోయేవి. గొంతు గట్టిగా వచ్చేది. పక్కింటి సూర్యకాంతం అత్త అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ కళ్ళొత్తుకునేది.

నాకప్పుడు పంతొమ్మిది. కాకినాడలో డిగ్రీ రెండో ఏడు. కాలేజీ లైబ్రరీలో వాల్మీకి రామాయణం తెలుగు వచనం చదివి, ఆ సెలవులకి వచ్చాను. పాట అయ్యేదాకా కూడా ఆగలేదు. “అమ్మమ్మా, ఇదేదీ వాల్మీకంలో లేదు. ఊర్మిళ నిద్ర లేదు, లక్ష్మణరేఖ కూడా లేదు. ఇవన్నీ తర్వాత కల్పించినవి” అన్నాను.

“లేదా?” అంది. వత్తి ఒకటి చేసి పళ్ళెంలో పెట్టింది. “మరైతే ఆ పధ్నాలుగేళ్ళూ ఆ పిల్ల ఏం చేసిందిటే? రాశాడా ఆయన?”

రాయలేదు అన్నాను. రాయలేదంటే నేను గెలిచినట్టు అనుకున్నాను. సూర్యకాంతం అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

ఆ సెలవుల్లో అమ్మమ్మ నా ముందు మళ్ళీ ఆ పాట పాడలేదు. అడగలేదు నేను కూడా. తర్వాత ఏడాదికోసారి వెళ్ళినా భజనలు పాడేది, మంగళహారతులు పాడేది, అది మాత్రం కాదు. నా పెళ్ళైన ఏడాదికి పోయింది. ఆవిడ చదువుకోలేదు, ఎక్కడా రాసి పెట్టలేదు. అచ్చులో స్త్రీల రామాయణపు పాటల పుస్తకాలు ఉన్నాయి, అందులో ఊర్మిళ పాటా ఉంది. చూశాను. అమ్మమ్మ పాడింది అది కాదు. వరస వేరు, చాలాచోట్ల మాటలు వేరు.

ఇవాళ ఆ అబ్బాయి నాకు రాసిన ఒక్క లైనులాంటిదే ఆ రోజు నేను ఆవిడకి చెప్పాను. ఈ వారం పాఠం వాల్మీకి అని. కాదు, ఆ అబ్బాయి నా కంటే నయం. తన ఉద్యోగం తను చేశాడు. నన్ను ఎవరూ దిద్దమనలేదు.

ప్రొఫెసర్ గారు చెప్పిన ఒక సంగతి ఇప్పుడు వేరేగా తగులుతోంది. ఆ డిమీటర్ స్తోత్రం మనదాకా వచ్చింది ఒకే ఒక్క రాతప్రతి వల్ల. 1777లో మాస్కోలో దొరికింది, ఇప్పుడు నెదర్లాండ్స్‌లో లైడెన్‌లో ఉంది. అందులో ఒక పత్రం చిరిగింది, కొన్ని పాదాలు సగం సగమే మిగిలాయి. ఎక్కడో తెలుసా? కూతురు తిరిగొచ్చి తల్లి పరుగెత్తుకెళ్ళి కావిలించుకునే చోట. మా అనువాదంలో అక్కడ చుక్కలు చుక్కలుగా ఉంది. ఆ పేజీ మీద ఇందాక చాలాసేపు ఉండిపోయాను.

తట్టుకోలేక అమ్మకి ఫోన్ చేశాను, అక్కడ పొద్దున్నే కదా. కుక్కర్ పెట్టి వచ్చింది. ఊర్మిళ పాట నీకెంత వచ్చు అంటే, ఇప్పుడెందుకే అంటూనే మొదలుపెట్టింది. గొంతు అచ్చం అమ్మమ్మదే. స్పీకర్‌లో పెట్టి పెద్దదాని ఫోన్‌లో రికార్డు చేశాను, మధ్యలో రెండు విజిల్స్ కూడా పడ్డాయి. సీత రాముడితో చెప్పేదాకా బాగానే వచ్చింది. లక్ష్మణుడు గదిలోకి వెళ్ళాడు. అక్కడ ఆగింది.

“ఇక్కడేదో ఉందే. ఆవిడ లేచి కూర్చుని అంటుందే, అది... నోటి చివరే ఉంది, రావట్లేదు. మీ పిన్నికి వచ్చేమో అడుగు.”

పిన్ని తొమ్మిదింటికల్లా గుడి నుంచి వచ్చేస్తుంది. ఇంకో పావుగంట ఆగి చేస్తాను.