స్టేజీ దాటిపోయింది

ఇవాళ కూడా మా స్టేజీ దాటిపోయింది. నిద్రపోయి కాదు. చింతచెట్టు వెనక్కి వెళ్లిపోతుంటే కిటికీలోంచి చూస్తూనే కూర్చున్నాను.

"హోల్డాన్" అని ఒక్క కేక వేస్తే అయిపోయేది. ఆడవాళ్లకి ఫ్రీ అయిన దగ్గర్నుంచి పల్లెవెలుగులో కాలు పెట్టే చోటుండదు. కండక్టరేమో ఎక్కడో ముందు జీరో టికెట్లు కొడుతున్నాడు. కేక గొంతు దాకా వచ్చింది. అందరూ తిరిగి నన్నే చూస్తారు కదా అనిపించి మింగేశాను. తర్వాతి స్టేజీలో ఎవరో దిగుతుంటే వాళ్ల వెనకే దిగి, కిలోమీటరున్నర వెనక్కి నడిచాను. అమ్మకి బస్సు లేటని చెప్పాను.

దీనికే రాత్రి 11 గంటలకి కూర్చుని టైప్ చేస్తున్నానంటే, మళ్లీ ఆ జామ్ గుర్తొచ్చింది. జస్ట్ ఎ మినిట్. ఫస్టియర్ ఇంగ్లిష్ ల్యాబ్‌లో చీటీ తీసి, వచ్చిన టాపిక్ మీద నిమిషం మాట్లాడాలి. నాకు పండగ వచ్చింది. ఇంకేం, బతుకమ్మ! తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు ఒక వరస, దానిమీద రంగులద్దిన గునుగు... అంతా కళ్లముందే ఉంది. తంగేడుని ఇంగ్లిష్‌లో ఏమంటారు? అక్కడ ఆగిపోయాను. చున్నీ కొస వేలికి చుట్టడం, విప్పడం. ఇంకా 40 సెకన్లున్నాయి. "కాన్ఫిడెన్స్ లేదమ్మా నీకు" అని మేడమ్ నవ్వి, తర్వాతి రోల్ నంబర్ పిలిచారు.

ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో, స్టడీ అవర్‌లో పక్కమ్మాయిని పెన్సిలడిగినా నిలబెట్టేవాళ్లు. రెండేళ్లు నోరు మూయించి, బీటెక్‌లో కాలుపెట్టగానే తెరువు అంటే ఎట్లా తెరుచుకుంటుంది? పైగా మాది పది దాకా తెలుగు మీడియం. దీనిమీద నాన్నతో ఎన్నిసార్లు గొడవపడ్డానో లెక్కే లేదు.

కానీ, బస్సులో నన్నెవరూ ఇంగ్లిష్ మాట్లాడమనలేదు కదా. హోల్డాన్ ఇంగ్లిషే అంటారా? బడి మొహం చూడని మా నాయనమ్మ "ఓల్డాన్" అని బస్సు అదిరేలా అరుస్తుంది. అంటే పాపం, ఇన్నాళ్లూ తంగేడు పువ్వుని ఊరికే ఆడిపోసుకున్నానా? ఏమో, మేడమ్‌ని మాత్రం వదలను.

అన్నట్టు, నా వెనకే ఇంకో అమ్మాయి దిగింది. మెడలో మా కాలేజీ ట్యాగే, జూనియర్. కాలువ దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత పల్లీల పొట్లం నా వైపు పట్టి, "అక్కా, మీరు ఆపమంటరేమోనని చూసిన" అంది.

రేపూ అదే బస్సు. కండక్టర్ పక్కన సీటు దొరికితే బాగుండు.