పెద్ద మానిటర్‌లో ఏ విండో ఎక్కడుండాలి

పెద్ద మానిటర్ కొన్నాక కూడా చాలామంది ఎక్సెల్ తెరిచి స్క్రీన్ మొత్తం పరిచేసి, పక్క ఫైలు కోసం ఆల్ట్-ట్యాబ్ కొడుతూనే ఉంటారు. అది చూస్తే నాకు బాధేస్తుంది, అంత చోటు ఉండి ఏం లాభం?

చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల లెక్కలు చూడటం నా పని. తోతాపురి సీజన్లో డ్రమ్ములు, అసెప్టిక్ బ్యాగులు, లారీ బాడుగల బిల్లులు కుప్పలుగా వస్తాయి. ప్రతి నెలా 14న జీఎస్టీఆర్-2బీ (మనకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా) రాగానే ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని కొనుగోళ్లతో సరిచూసుకుని 20లోపు 3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్న్) వేయాలి. ఒకే ఇన్‌వాయిస్ నంబర్ జీఎస్టీ పోర్టల్‌లో ఒకలా, మన ఎంట్రీలో ఇంకోలా ఉంటుంది, ముందు సున్నాలుండవు, మధ్యలో గీత ఉండదు. రెండూ పక్కపక్కన ఉంటే ఇట్టే పట్టేస్తాం, విండోలు మారుస్తూ చూస్తే మాత్రం రెండోది తెరిచేలోపు మొదటి నంబర్ మర్చిపోతాం.

నాది 43 అంగుళాల 4కే మానిటర్, 3840×2160, అంటే నాలుగు ఫుల్ హెచ్‌డీ స్క్రీన్లకు సమానం. అలాగని నాలుగు సమాన ముక్కలు చేయడం నాకు నచ్చదు, ఎందుకంటే కంటికి సరిగ్గా ఎదురుగా ఏ విండో ఉండదు, అంచులే ఉంటాయి, రోజంతా మెడ అటో ఇటో తిరిగే ఉంటుంది. మూడు నిలువు భాగాలు చేసి మధ్యది వెడల్పుగా ఉంచండి. మధ్యలో 2బీ ఎక్సెల్, ఎడమన ట్యాలీ, కుడివైపు పైన బిల్లు పీడీఎఫ్, దాని కింద మూలకి వాట్సాప్.

విండోస్ 11లో విన్+జెడ్ నొక్కితే ఇలాంటి అమరికలు కనిపిస్తాయి, మ్యాక్సిమైజ్ బటన్ మీద మౌస్ ఆపినా వస్తాయి. ఆ కొలతలు సరిపోకపోతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో ఫ్యాన్సీజోన్స్ ఉంది, విండోస్ 10లోనూ పనిచేస్తుంది. మనకు కావాల్సిన జోన్లు (విండోలు కూర్చునే గళ్లు) మనమే గీసుకుని, షిఫ్ట్ పట్టుకుని విండోని లాగి వదిలితే అక్కడ కూర్చుంటుంది. ఇంకోటి, ఒక్కో క్లయింటుకి ఒక్కో వర్చువల్ డెస్క్‌టాప్, అంటే విడిగా ఇంకో స్క్రీన్ లాంటిది, పెట్టుకోండి (విన్+కంట్రోల్+డీ), ఒకరి బిల్లు ఇంకొకరి ఖాతాలో పడుతుందేమోనన్న టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

ఇదంతా 20వ తేదీ ముంచుకొచ్చాక మాత్రం మొదలుపెట్టకండి, చేతికి అలవాటు కావాలి కదా. 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) అయిపోయి 2బీ ఇంకా రాని ఆ రెండు రోజుల్లో కూర్చుని జోన్లు గీసుకోండి.