దసరా నుంచి డిసెంబరు దాకా: ఇల్లు చూసుకుంటూ 200 కి.మీ. బ్రెవేకి తయారైన పద్ధతి

ఆశ్వయుజం, కార్తీకం మన దగ్గర సైకిలు తొక్కడానికి ఏడాదిలోకెల్లా మంచి రోజులు. వాన వెనక్కి తగ్గుతుంది, పొద్దున ఎనిమిదింటి దాకా ఎండ చురుక్కుమనదు. పండగలూ, పిల్లల సెలవులూ, వనభోజనాలూ కూడా సరిగ్గా అప్పుడే పడతాయి. 2025లో సెప్టెంబరు ఆఖరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా హైదరాబాద్‌లో నేను 200 కి.మీ. బ్రెవే (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిలు రైడ్) కోసం చేసిన సాధన ఇది. ఉద్యోగం, ఇద్దరు బడి పిల్లలు, ఉద్యోగం చేసే భార్య ఉన్న ఇంట్లో ఏది కుదిరింది, ఏది కుదరలేదు అన్నదే ఇక్కడ రాస్తున్నాను. అప్పటికే ఆదివారాలు 40-50 కి.మీ. తొక్కే అలవాటుంది. ఆ అలవాటు లేనివాళ్ళకి దీనికి ముందు ఇంకో ఆరు వారాలైనా కావాలి.

బ్రెవే పోటీ కాదు. 200 కి.మీ. దూరాన్ని 13 గంటల 30 నిమిషాల్లో ముగించి, దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర హాజరు వేయించుకుంటే చాలు. మొదట వచ్చినవాళ్ళకీ చివర వచ్చినవాళ్ళకీ ఫలితం ఒకటే. గంటకి 22 కి.మీ. చొప్పున తొక్కితే తొమ్మిది గంటల పైచిలుకు, నాలుగు చోట్ల ఇరవయ్యేసి నిమిషాలు ఆగితే మరో గంటా ఇరవై. మొత్తం పదిన్నర. అంటే మూడు గంటల వెసులుబాటు ఉంది. ఈ లెక్క ముందే వేసుకుంటే వేగం కోసం పాకులాడే అవసరం పోతుంది. కావలసింది వేగం కాదు, తొమ్మిది గంటలు సీటు మీద కూర్చునే ఓపిక. ఇంట్లో చాలా గొడవలు తగ్గేది ఈ ఒక్క తేడాతోనే. వేగం కావాలంటే వారానికి పది పన్నెండు గంటలు పెట్టాలి, ఓపిక ఆరున్నరలో వస్తుంది.

సాధన ప్రణాళిక తయారుచేసి ఇంట్లోవాళ్ళని అందులో ఇరికించడం నేను మొదట్లో చేసిన తప్పు. ఈసారి వంటింట్లో తగిలించిన తెలుగు క్యాలెండరు ముందు పెట్టుకుని, నావి కాని రోజులు ముందు కొట్టేశాను. సెప్టెంబరు 28 నుంచి నవంబరు 30 వరకు పది ఆదివారాలు. మొదటిది బతుకమ్మలో పోయింది. దసరా అక్టోబరు 2, దీపావళి 20. కార్తీకం అక్టోబరు 22 నుంచి నవంబరు 20 దాకా. ఆ నెలలో నాలుగు ఆదివారాలు, రెండిట్లో వనభోజనాలు: ఒకటి చుట్టాలవి, ఒకటి అపార్ట్‌మెంటువి. వీటికి పొద్దున్నే తొక్కొచ్చి పదింటికి చేరుకుందాం అనుకోవద్దు. వంటసామాను మోసేదీ, కారు నడిపేదీ మనమే. మిగిలింది ఏడు ఆదివారాలు. ప్రణాళిక ఆ ఏడింటితోనే కట్టాలి.

బయల్దేరే సమయం నా ఇష్టం, తిరిగొచ్చే సమయం ఇంటిది. పదింటికి వస్తానంటే పదింటికి రావాలి. ఆలస్యంగా లేస్తే దూరం తగ్గించుకోవాలి తప్ప గడువు జరగకూడదు. ఇది పాటించాలంటే దారి కూడా దానికి తగ్గట్టు ఉండాలి. ఒకే వైపు వెళ్ళి తిరిగొచ్చే దారిలో, 50వ కిలోమీటరు దగ్గర టైరు చీరితే ఇల్లు 50 కిలోమీటర్లు దూరం. చుట్లు కొట్టే దారిలో ఎక్కడైనా తెంపుకోవచ్చు.

ఈ లెక్కకి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ పైకప్పు వేసిన సైకిల్ ట్రాక్ బాగా సరిపోయింది. నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5 కి.మీ., పోలీస్ అకాడమీ వైపు కొమ్మ 8.5 కి.మీ., మొత్తం 23. రెండూ పోయొస్తే 46. పెద్ద కొమ్మ ఒక్కటైతే 29, చిన్నదైతే 17. ఈ మూడు అంకెలతోనే ఆదివారాలన్నీ కుదిరాయి: 46, తర్వాత 63, తర్వాత 75, నవంబరు 2న 92. ఆ తర్వాతి రెండు పెద్ద రైడ్లకి చేవెళ్ల మీదుగా వికారాబాద్ వెళ్ళాలని మొదట రాసుకున్నాను. నవంబరు 3 పొద్దున చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరూ బస్సూ ఢీకొన్న ఘోరం తర్వాత ఆ దారి వద్దంది మా ఆవిడ. వాదించలేదు. అంచు లేని రెండు వరుసల రోడ్డు, తెల్లారకముందే టిప్పర్లు. ఆవిడ భయానికి కారణం ఉంది, నా దగ్గర దానికి జవాబు లేదు. 121, 138 రెండూ ట్రాక్ మీదే పూర్తిచేశాను. 138 అంటే మూడు పూర్తి చుట్లు.

ట్రాక్‌తో లోటు ఏమిటంటే గాలి, ఎండ, ఎక్కుడు మూడూ అసలు రోడ్డంత తగలవు. అందుకని శనివారం గంటన్నర గండిపేట వైపు ఎత్తుపల్లాల్లో, బ్రెవే రోజు మోసే సామానంతా సైకిలుకి తగిలించుకుని తొక్కాను. ట్రాక్ మీద ఏడింటి తర్వాత నడిచేవాళ్ళూ చిన్నపిల్లల సైకిళ్ళూ వస్తాయి కాబట్టి గట్టిగా తొక్కేదేమైనా ఉంటే ఆలోపే.

మంగళ, గురువారాలు ఇంట్లో ట్రైనర్ (సైకిలుని కదలకుండా నిలిపి తొక్కే స్టాండు) మీద, 5 నుంచి 5.50 దాకా. ఏడున్నరకి బడి బస్సు. ఆరింటికల్లా స్నానం చేసి వంటింట్లో ఉండాలి, టిఫిన్ డబ్బాలు నా వంతు. మంగళవారం పది నిమిషాలు వేడెక్కాక, నాలుగైదు మాటలకి మించి మాట్లాడలేనంత బలంగా 8 నిమిషాల చొప్పున మూడు సార్లు, మధ్యలో 3 నిమిషాల విరామం. నవంబరు వచ్చేసరికి ఆ బలం కొంచెం తగ్గించి 15 నిమిషాల చొప్పున రెండు సార్లు. గురువారం పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత తేలిగ్గా. ఆదివారమంతా కూడా ఈ తేలిక వేగమే. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: తేలిక రోజుల్ని మధ్యస్థంగా, గట్టి రోజుల్ని కూడా మధ్యస్థంగా తొక్కి, అన్ని రోజులూ అలసిపోయి, దేనిలోనూ మెరుగుపడరు.

అపార్ట్‌మెంటులో ట్రైనర్ అంటే అసలు సమస్య మోత కంటే అదురు. కింది ఫ్లాటువాళ్ళకి పొద్దున్నే వినిపించేది అదే. శ్లాబు నడిమధ్య ఎక్కువ ఊగుతుంది, గోడ వారగా, బీము పైన తక్కువ. ట్రైనర్‌ని గదిమధ్య నుంచి గోడ దగ్గరికి జరిపి, కింద రబ్బరు మ్యాటు, దాని కింద పాత యోగా మ్యాటు రెండు మడతలు వేశాక ఫిర్యాదులు ఆగాయి. చక్రం తిరిగే వేగం తగ్గితే మోతా తగ్గుతుంది. కాబట్టి చిన్న గేరు వేసి, ట్రైనర్ బిగింపు పెంచాలి. వెనక చక్రం రోలరుకి ఆనే రకమైతే పాత టైరు వేసుకోవాలి, కొత్తది రెండు నెలల్లో బల్లపరుపుగా అరిగిపోతుంది. ఫ్యాను తప్పదు. అది లేకపోతే అదే శ్రమకి గుండె వేగం నిమిషానికి పది దాకా ఎక్కుతుంది, గట్టిగా తొక్కుతున్నామని మనమే మోసపోతాం. చెమట హ్యాండిల్ బోల్టుల్లోకి దిగి తుప్పు పట్టిస్తుంది, తువ్వాలు అడ్డంగా కట్టండి.

తిండి విషయంలో మొదట పిసినారితనం చేశాను. ఐదు గంటల రైడ్‌ని రెండు అరటిపళ్ళతో ముగించి వస్తే, ఇంటికి వచ్చాక తిని పడుకోవడమే. మధ్యాహ్నం మూడింటికి లేస్తే తలనొప్పి, విసుగు. మనిషి ఇంట్లోనే ఉంటాడు, కానీ పిల్లలకి లేనట్టే. రైడ్‌కి పోయింది ఐదు గంటలు, ఇంటికి పోయింది తొమ్మిది. దారిలో తగ్గించిన తిండికి ఇంట్లోవాళ్ళు వడ్డీ కడతారు. గంటకి 50-60 గ్రాముల పిండిపదార్థం పడితే ఆ మధ్యాహ్నం మనం మనుషుల్లో ఉంటాం. మోస్తరు అరటిపండులో 25 గ్రాముల దాకా వస్తుంది. 750 మి.లీ. సీసాలో 40 గ్రాముల పంచదార, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ కలిపితే చౌకైన రేసు పానీయం అదే. గంటకో అరటిపండు, గంటంబావుకో సీసా. ఓఆర్ఎస్ తాగుతున్నాం కదా అని తిండి మానెయ్యొద్దు. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే, అది ఉప్పూ నీళ్ళ కోసం. పల్లీపట్టి బాగుంటుంది కానీ కొవ్వు ఎక్కువ, ఎక్కుడు ముందు తింటే కడుపులో రాయిలా కూర్చుంటుంది. చదును దారిలో తినాలి. ఆకలి వేశాక కాదు, మొదటి 40 నిమిషాల్లోనే మొదలుపెట్టాలి. ఇంటికి రాగానే పెద్ద గిన్నెడు పెరుగన్నం, ఊరగాయ. పిండీ, మాంసకృత్తులూ, ఉప్పూ మూడూ అందులోనే. సీసాలు ఆ రోజే వేడినీళ్ళతో కడగాలి, మూత లోపల బూజు పడుతుంది.

కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్ళకి ఒక మాట. ఆదివారం పెద్ద రైడ్ తర్వాత సోమవారం రాత్రి దాకా తినకపోతే కండరాలు కోలుకోవు, మంగళవారం ట్రైనర్ మీద కాళ్ళు లేవవు. నేను ఆ నెల మంగళవారం గట్టి సాధనని బుధవారానికి జరిపాను. ఉపవాసం మానమని ఎవరికీ చెప్పను.

దీపావళి మర్నాడు రోడ్డెక్కొద్దు. చల్లటి తెల్లవారుజామున పొగ పైకి లేవక నేలబారున నిలిచిపోతుంది, ఆ గాలినే గుండెలనిండా పీల్చాల్సివస్తుంది. రెండో కారణం ఎవరూ చెప్పరు: కాకరపువ్వొత్తుల తీగలు. సన్నటి ఇనుప తీగ టైరులో గుచ్చుకుని విరిగితే బయటికి కనబడదు, ట్యూబు మార్చిన ఐదు నిమిషాలకి మళ్ళీ గాలి పోతుంది. లారీ టైర్లలోంచి రాలే ఉక్కు తీగలతోనూ ఇదే తంతు. పంక్చరు పడితే ట్యూబు మార్చేముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి, తీగ ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. వేలితో తడిమితే వేలు తెగుతుంది. ట్యూబుకి ఎదురెదురుగా రెండు చీలికలుంటే అది ముల్లు కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కింది. నా బరువు 74 కిలోలు, టైరు 28 మి.మీ.; ముందు 65, వెనక 70 పీఎస్ఐ గాలి పెడతాను. సన్నటి ప్రెస్టా వాల్వుకి పెట్రోల్ బంకు పైపు పట్టదు. పెన్ను మూతకన్నా చిన్నదైన ఇత్తడి అడాప్టరు సంచిలో ఉంటే బయటపడతాం.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది, ఆ వారం తెలంగాణలోనూ వాన. బుధ, గురువారాలు రెండూ ఇంట్లోనే. తడి రోడ్డు మీద తిరిగాక గొలుసు తుడిచి ఆరబెట్టి, ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె, పది నిమిషాలాగి పైది పూర్తిగా తుడిచెయ్యాలి. పైన మిగిలిన నూనె ఇసుకని పట్టి గొలుసుని అరగదీస్తుంది. బ్రేకు ప్యాడ్లు కూడా చూసుకోవాలి, తడి ఇసుకలో ఒక్క రైడ్ పొడి నేల మీద పది రైడ్లంత తింటుందనిపిస్తుంది.

ఋతువు మారేటప్పుడు బడి నుంచి జ్వరం రావడం మామూలే. మెడకి పైన ముక్కు దిబ్బడ మాత్రమే అయితే తేలిగ్గా తొక్కుతాను. దగ్గు, జ్వరం, ఒళ్ళునొప్పులైతే పూర్తిగా ఆపేస్తాను. పోయిన సాధనని మర్నాటి సాధనకి కలిపి రెట్టింపు చెయ్యకూడదు, అది పోయినట్టే. పిల్లాడికి జ్వరమొచ్చిన వారం రెండు సాధనలు వదిలేశాను, 121 రోజున తేడా ఏమీ తెలియలేదు.

నవంబరు మధ్యలో హైదరాబాద్‌లో సూర్యోదయం 6.20 దాటాకే. 4.30కి బయల్దేరితే దాదాపు రెండు గంటలు చీకటి. ముందు లైటు మిణుకుమిణుకు కాకుండా నిలకడగా, కిందికి వంచి. కుక్కలు వెంటపడితే వేగం పెంచడం కంటే దిగి, సైకిలు మధ్యలో అడ్డంపెట్టి నడవడమే నయం. ఫోన్‌లో లైవ్ లొకేషన్ పెట్టి వెళ్ళడం సరే, కానీ చార్జింగ్ అయిపోయి చుక్క కదలకపోతే ఇంట్లో ఎక్కువ కంగారు. పవర్ బ్యాంకు తప్పనిసరి.

నా ఆదివారం ఐదు గంటలకి బదులు మా ఆవిడకి శనివారం మధ్యాహ్నం ఐదు గంటలు, అడగకుండా, క్యాలెండరు మీద ఆవిడ పేరుతో. పిల్లలూ ఇల్లూ నా మీద. 138 కి.మీ. రోజు మాత్రం పదకొండున్నర దాకా అడిగాను, మూడు వారాల ముందు. చివరి ఆదివారం 46 కి.మీ., తేలిగ్గా. ఆ వారం కొత్త సీటు, కొత్త బూట్లు, కొత్త తిండి ఏదీ ప్రయత్నించొద్దు.

బ్రెవే రోజు ఆరింటికి మొదలు. ఇంట్లో ఒక కాగితం మీద నాలుగు కంట్రోల్ పాయింట్లకీ నేను చేరే సమయం, వాటి గడువు సమయం రాసి ఫ్రిజ్ మీద అంటించాను. 60వ కిలోమీటరు దగ్గర ఉంటే దాని గడువు నాలుగు గంటలు, ఇలా. ప్రతిచోటా ఒక్క మెసేజ్, అంతే. కంట్రోల్ పాయింట్ల దగ్గర కూర్చోకుండా నిలబడే తింటే 20 నిమిషాలు 20గానే ఉంటాయి, కుర్చీ దొరికితే 40 అవుతాయి. ఒక పంక్చరు, 18 నిమిషాలు. మొత్తం 10 గంటల 50 నిమిషాల్లో, సాయంత్రం ఐదింటికి పది నిమిషాల ముందు హాజరు కార్డు ఇచ్చేశాను. కారు తాళాలు తియ్యకముందు ఇంటికి ఫోన్ చేసి, వెనక సీట్లో అలారం పెట్టుకుని 25 నిమిషాలు పడుకున్నాను. తొమ్మిది గంటలు తొక్కినవాడు వెంటనే స్టీరింగ్ పట్టుకోకూడదు. ఇంటికి చేరతానన్న సమయాన్ని ఈ నిద్ర కలిపే చెప్పాను.