265, హెన్రీ స్ట్రీట్

మధ్యాహ్నం మీటింగ్ క్యాన్సిలయింది. ఎండ హాయిగా ఉందని చైనాటౌన్ దాటి హెన్రీ స్ట్రీట్ దాకా నడిచాను. 265 నంబరు ఇంటి ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లాను కానీ ఇవాళే ఆగి లోపలికి వెళ్లాను. ఎర్ర ఇటుకల పాత ఇల్లు. న్యూయార్క్‌లో ఇంటింటికీ తిరిగిన నర్సుల కథంతా ఇక్కడిదే.

1893లో లిలియన్ వాల్డ్ అనే యువ నర్సు ఈ పేటలోని వలస ఆడవాళ్లకి రోగిని ఇంట్లో ఎలా చూసుకోవాలో పాఠాలు చెప్పేది. ఓరోజు ఒక చిన్నపిల్ల వచ్చి, వాళ్లమ్మకి బాగోలేదని వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. వెళ్లి చూస్తే బాలింత, రక్తంతో తడిసిన పక్క. ఫీజు ఇచ్చుకోలేరని డాక్టరు మధ్యలోనే వదిలేసి పోయాడట. ఆ ఏడాదే వాల్డ్, స్నేహితురాలు మేరీ బ్రూస్టర్ ఈ పేటకే మకాం మార్చేశారు. రెండేళ్లకి జేకబ్ షిఫ్ అనే బ్యాంకరు ఈ ఇల్లు కొనిచ్చాడు.

నర్సు కావాలంటే డాక్టరు చీటీ అక్కర్లేదు, ఇంట్లోవాళ్లు కబురు పెడితే చాలు. ఉన్నవాళ్లు కొన్ని సెంట్లు ఇచ్చేవారు, లేనివాళ్లకి ఊరికే. 1908 ప్రాంతపు ఫొటో ఒకటుంది: పొడుగు గౌను, టోపీ, చేతిలో సంచీతో ఓ నర్సు డాబా పిట్టగోడ దాటుతోంది. లిఫ్టు లేని అయిదారంతస్తుల ఇళ్లు మరి. కిందికి దిగి పక్కింట్లో మళ్లీ మెట్లెక్కే బదులు డాబాల మీదుగా వెళ్లిపోయేవారు. ఆ గౌనుతో పిట్టగోడ దాటడం నావల్ల కాదు బాబూ.

ఇన్సూరెన్స్‌లో పనిచేసేదాన్ని కాబట్టి నాకు 1909 ముచ్చటే ఎక్కువ నచ్చింది. పాలసీదారులకి జబ్బు చేస్తే నర్సుని ఇంటికి పంపేలా మెట్రొపాలిటన్ లైఫ్ కంపెనీని వాల్డ్ ఒప్పించింది. విజిట్ ఖర్చు కంపెనీదే. దయతో కాదు, లెక్కతో: మనిషి బతికితే ప్రీమియం వస్తుంది, పోతే క్లెయిమ్ కట్టాలి. అంటురోగాలు ఇళ్లని ఊడ్చేస్తున్న ఆ రోజుల్లో లెక్క బాగానే కుదిరింది, పథకం వేరే ఊళ్లకీ పాకింది. తర్వాత ఆ జబ్బులు తగ్గాయి, జనం ఆసుపత్రులకి అలవాటుపడ్డారు. 1953లో కంపెనీ చేతులు దులుపుకుంది.

నర్సుల సర్వీసు మాత్రం ఆగలేదు. 1944లోనే వేరే సంస్థ అయి ఇప్పటికీ నడుస్తోంది. లెక్కతో మొదలైన మంచిపని లెక్క తప్పగానే ఆగిపోవడం మా ఆఫీసులో రోజూ చూసేదే, అయినా కాస్త కోపమొచ్చింది. తిరిగొచ్చి కూర్చునేసరికి హోమ్ విజిట్ల ఖర్చు ఎక్కడ కోయొచ్చో చూడమని మెయిల్ వచ్చి ఉంది. రేపు చూస్తానని రాశాను.